వాకిలి మీట, పెరటి మీట

నమోదు ఒకటి

సభలో కూర్చునే పెద్దలందరూ కాస్త చెవి ఇటు పెట్టండి. నేను మైలపల్లి బంగారమ్మని. తెప్పలపేటలో తాళ్ళ కుర్చీ నాది. నాకు చదువు రాదు కాబట్టి ఈ పెట్టెకు చెప్తున్నాను. నేను చెప్పిందాన్ని ఇది రాత తెలుగులో పెడుతుందట, పెట్టుకోనివ్వండి. ఎవరెవరు ఏమేం అన్నారో ఆ మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమని దానికి గట్టిగా చెప్పాను. మార్చిందా, తీసుకెళ్ళి నీళ్ళలో పడేస్తాను.

నా వ్యాజ్యం చిన్నది. నన్ను కుర్చీలోంచి లేవమన్నారు. నేను లేవను.

పొద్దున్నే గంజి తాగి తాళ్ళగదికి వెళ్తాను. పోటు ఎంత ఎక్కిందో చూసుకుని ఒక్కో తెప్పనీ పలకరిస్తాను. మా ఊరంతా సముద్రం మీద తేలే తొమ్మిది తెప్పలు, మూడేసి చొప్పున మూడు వరసలు. నీళ్ళు ఎక్కుతుంటే తాడు కాస్త వదలాలి, దిగుతుంటే బిగించాలి. ఆలస్యమైతే తెప్ప ఒక పక్కకు ఒరుగుతుంది, ఎవరి కుండో బోర్లాపడుతుంది, ఆ ఇల్లాలు వచ్చి నా మొహాన నాలుగు తిట్లు పారేసి వెళ్తుంది. ఇదీ నా ఉద్యోగం. నాకు చాలా ఇష్టమైన ఉద్యోగం.

నా ముందున్నది ఒకటే అద్దం. అందులో తొమ్మిది బల్లలు, తెప్పకొకటి. ఆ బల్ల మీదే ఆ తెప్ప తాళ్ళు, గాలి, నీటి ఎత్తు, దాని కెమెరా బొమ్మ అన్నీ పరిచి ఉంటాయి. ఒక బల్ల ఎదుట ఉంటే మిగతా ఎనిమిదీ వెనక ఎక్కడో దాక్కుంటాయి. కుర్చీ పక్కనున్న పిడి తిప్పితే ఎదుటి బల్ల మీది తాడు, వదులుగా ఉంటే బిగుస్తుంది, బిగిసి ఉంటే వదులవుతుంది. ఇన్నాళ్ళూ బల్ల మారాలంటే అద్దాన్ని చేత్తో పక్కకు తోసేదాన్ని. ఉప్పుగాలి తిని తిని అద్దం మొద్దుబారింది. తోస్తే పలకడం మానేసింది. కొత్తది తెప్పించారు. కొత్తదానికి చెయ్యి అక్కర్లేదు, కంటిని చూసి నడుస్తుంది. పై అంచున తొమ్మిది చుక్కలుంటాయి. ఏ చుక్కను చూస్తే ఆ బల్ల ఎదుటికొస్తుంది.

నా కళ్ళు రెండూ ఒక మాట మీద ఉండవు. పుట్టుకతోనే అంతే. ఒకటి ఒడ్డును చూస్తుంటే ఇంకోటి లోతును చూస్తుంది. నేను ఆ అద్దం ముందు కూర్చోగానే వంటతెప్ప, బడితెప్ప, వంటతెప్ప, బడితెప్ప, పిచ్చెక్కినట్టు గెంతడం మొదలెట్టింది. గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, మొదటిసారి కాబట్టి.

కాపలా పెద్ద చోడిపల్లి దానయ్య మాత్రం నవ్వలేదు. వరసకు నాకు మరిది.

"వదినా, నీ కళ్ళకి అద్దం బెదిరిపోతంది. నువ్ లెగు. ఇంటికాడ కూకుని సేపలు ఎండబెట్టుకో."

"బెదిరితే అద్దాన్ని లెగమను మరిదీ. నన్నేటి లెగమంతావు?"

"సభోలు ఒప్పీసుకున్నారు. పెద్ద పోటు నాడు ఖాయం సేసేస్తారు."

"అయితే పెద్ద పోటు దాకా నాను కూకుంతాను. నువ్ నిలబడు."

నేను అడిగేది ఒక్కటే. అద్దానికి మీటలు పెట్టండి. నేను వేలితో చెప్తాను, అది వెళ్తుంది. కన్ను ఎటు పోతే దానికేం?

నమోదు రెండు

కొత్త అద్దాన్ని బిగించడానికి గట్టు మీది ఊళ్ళ నుంచి హైమావతి అనే ఆవిడ వచ్చింది. అద్దాల పని ఆవిడది. వయసు నలభై పైనే ఉంటుంది. తెప్ప ఊగినప్పుడల్లా గోడ పట్టుకుంటుంది. నా మాట విని, సామాన్ల కొట్టులో వెతికి, పాత మీటలపలక ఒకటి పట్టుకొచ్చింది. దాని నిండా అక్షరాలే.

"ముందు ఈ చీమల్ని తుడిసీ తల్లీ."

"తుడిచేస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది పెద్దమ్మా?"

"నీ ఇంట్లో ఉప్పుడబ్బా మీద రాసుంతాదేటి?"

ఆవిడ ఇసకకాగితం పెట్టి గీకేసింది. అప్పుడు మొదలైంది అసలు పని. అబ్బ, ఆ పని నాకెంత ఎక్కిందో ఎలా చెప్పను! ఇన్నేళ్ళూ ఒకళ్ళు చేసిన దాంట్లో నేను కూర్చున్నాను. ఎలా ఉండాలో చెప్పమని నన్నెవరూ అడగలేదు.

హైమ ముందు తెప్పకో మీట పెట్టింది. తొమ్మిది మీటలు, వరసగా. ఒక పూట నడిపాను. తీరిగ్గా ఉన్నప్పుడు బాగానే ఉంది. గాలి కొట్టి చెయ్యి తొందరపడితే ఐదో ఆరో తెలియలేదు. పైగా రేపు ఇంకో తెప్ప కడితే పలక మళ్ళీ విప్పాలి. తీసెయ్యమన్నాను.

తరవాత ఒకే ఒక్క మీట పెట్టింది. నొక్కితే నేను ఇంతకు ముందు ఏ బల్ల దగ్గరున్నానో అక్కడికి తీసుకెళ్తుంది, ఇంకోసారి నొక్కితే అంతకు ముందుది. గట్టు మీద అందరూ అలాగే వాడతారట. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

"నాను నూతికాడికెల్లి వచ్చీసరికి నా వంటిల్లు జరిగిపోద్దేటి? నాను తిరిగిన వరసలో ఊరు తిరుగుద్దేటి? తెప్ప ఎక్కడుందో అక్కడే ఉండాల. నానే ఎల్లాల."

హైమ పెన్సిలు చెవి సందున దోపుకుని అద్దం వెనక దూరింది. బయటికొచ్చేసరికి బల్లలన్నీ ఊరు ఉన్నట్టే మూడు వరసల్లో పరిచింది. పలక మీద నాలుగు మీటలు మిగిల్చింది, ముందుకు, వెనక్కి, ఇటు, అటు. నేను కళ్ళు మూసుకున్నాను. ముందుకు ఒకటి, పక్కకు ఒకటి.

"ఇది ఆసుపత్రితెప్ప. అవునా?"

"అవును!"

"ఇంకోటి ముందుకి. నీళ్ళతెప్ప!"

"అవును పెద్దమ్మా!"

కాళ్ళకు తెలిసిన ఊరు వేళ్ళకు తెలిసింది. నేను అరిచిన అరుపుకు పక్క తెప్పలో వాళ్ళు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. ఏమీ కాలేదు, నేను నడుస్తున్నాను, అంతే.

ఒక్కచోట మాత్రం ఇద్దరం పోట్లాడుకున్నాం. చివరి తెప్ప దగ్గర ఇంకా ముందుకు నొక్కితే మొదటి తెప్పకు చుట్టి తెచ్చేలా పెట్టింది. తొందరగా వెళ్ళొచ్చు కదా అంటుంది.

"సివరి తెప్ప దాటితే ఏటుంతాది?" అని అడిగాను.

"సముద్రం."

"మరి నన్ను సముద్రం మీంచి బడిలోకి తెస్తావేటి?"

చుట్టడం తీయించాను. అంచుకు చేరాక ఇంకా నొక్కితే మీట గట్టిపడి వేలిని కాస్త వెనక్కి నెడుతుంది. ఆ నెట్టడం నాకు ఎంత నచ్చిందంటే పని లేకపోయినా నొక్కుతున్నాను.

నమోదు మూడు

నాతో వంతులు మారే నూకరాజు వచ్చాడు. అక్కలాంటిదాన్నని నన్ను అప్పా అంటాడు. మధ్యాహ్నం కుర్చీ వాడిది. చాన్నాళ్ళ కిందట తాడు చుట్టే రాట్నంలో పడి ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. మిగిలిన చేత్తో నలుగురి పని చేస్తాడు.

అంతకు ముందే నేనొక తెలివి చేశాను. మోచెయ్యి తగిలి బల్ల మారిపోకూడదని, ఎడం చేత్తో లావు మీట ఒకటి నొక్కి పట్టుకుంటేనే ఆ నాలుగు మీటలూ పలికేట్టు పెట్టించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. నూకరాజు పలక ముందు కూర్చుని నా వైపు చూశాడు.

"అప్పా, లావు మీట ముక్కుతో నొక్కమంతావేటి?"

నా కళ్ళ కోసం యుద్ధం చేస్తూ వాడి చెయ్యి మర్చిపోయాను.

"తీసీ హైమమ్మా, లావు మీట తీసీ."

"తీసేస్తే మోచెయ్యి తగిలినప్పుడు కదిలిపోతుంది కదా? మీరు చెప్పింది నిజమే పెద్దమ్మా."

"తియ్యొద్దు, కిందికి దింపండి," అన్నాడు నూకరాజు. "నాకు కాళ్ళు రెండున్నాయి. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతాను."

లావు మీట కుర్చీ కిందికి దిగింది. కాలితో తొక్కి పట్టుకుని వేలితో నడవాలి. తొక్కకపోతే అద్దం కదలదు. ఇప్పుడు మోచెయ్యి కాదు, మేక ఎక్కి గెంతినా కదలదు. నూకరాజు ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చి, "అప్పా, ఇది నా పేరున రాయించు," అన్నాడు. రాయిస్తున్నాను. కాలిమీట నూకరాజుది.

దానయ్య గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

"బాగుంది వదినా. పాట కూడా పాడుద్దేటి నీ పలక?"

"నువ్ నొక్కితే ఏడుస్తాది."

నమోదు నాలుగు

ఇది చెప్పకుండా దాటెయ్యవచ్చు. కాని సభలో దానయ్య ఎలాగూ చెప్తాడు, అందుకని నేనే ముందు చెప్తున్నాను.

మా ఊళ్ళో పుట్టినవాళ్ళం తాళ్ళ దగ్గర కుడి ఎడమ అనం. మొగదల వైపు, తోక వైపు, ఒడ్డు వైపు, లోతు వైపు అంటాం. మొగదలంటే లంగరు ఉన్న కొస. గుంజకు కట్టిన ఆవులాగా ఊరు ఆ ఒక్క లంగరు చుట్టూ తిరుగుతుంది. పోటుకు ఒక దిక్కు తిరిగి నిలబడితే, నీళ్ళు వెనక్కి తీసే పాటుకు దానికి ఎదురు దిక్కు. కాబట్టి పొద్దున ఒడ్డు వైపున్న వలతెప్ప, పాటు వచ్చాక లోతు వైపుకు పోతుంది. మాకు అది తికమక కాదు. పిల్లలు కూడా నీళ్ళను చూసి మాట మార్చేస్తారు.

నేను హైమతో అన్నాను, ముందుకు వెనక్కి సరే, కాని ఈ పక్క మీటలకు ఇటు అటు అని పేర్లేమిటి, అది ఒడ్డు మీట, ఇది లోతు మీట అని. ఒడ్డు మీట నొక్కితే ఆ వేళకు ఒడ్డు ఎటుందో అటు వెళ్ళాలి. హైమ అలాగే చేసింది. ఊరు తిరిగితే బల్లల వరసలు కూడా తిరుగుతాయి. ఎంత అందంగా ఉందో! దానయ్యను కూడా పిలిచాను, వచ్చి చూడు అని.

వాడు వచ్చిన వేళకు పోటు ఆగి పాటు అందుకుంటోంది. ఊరు సగం తిరిగింది. నేను ఆసుపత్రితెప్ప బల్ల మీదున్నాను. ఊరు తిరుగుతూ లాగుతోంది కాబట్టి వలతెప్ప తాడు కాస్త వదలాలి. అది ఒడ్డు వైపు. కాలు తొక్కాను, ఒడ్డు మీట మీద వేలు పెట్టాను. నేను వేలు పెట్టడానికీ నొక్కడానికీ మధ్యలో అద్దం లెక్కలో ఊరు తిరిగిపోయింది. ఒడ్డు అటు నుంచి ఇటు వచ్చింది. నేను వెళ్ళింది మేకలతెప్పకు. చూసుకోకుండా తాడు వదిలాను.

ఎవరికీ ఏమీ కాలేదు. మేకలు తడిశాయి. తెప్ప ఒక పక్కకు ఒరిగేసరికి ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి జారాయి. అవి చేసిన గోల గట్టు మీదికి వినిపించి ఉంటుంది. ఊళ్ళో ఉన్న పడవలన్నీ వాటి వెనక పడ్డాయి. దానయ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు, ఈసారి మనసారా.

"వదినా, నీ పలక పుణ్యమా అని మేకలకి ఈతొచ్చీసింది!"

హైమ మొహం పాలిపోయింది. తప్పు తనదంటుంది. తప్పు తనది కాదు, నేను చెప్పిందే తను చేసింది. నేను చుట్టూ ఉన్నవాళ్ళను చూడలేక బయటికొచ్చి మేకల్ని ఎక్కించడానికి చెయ్యి వేశాను. ఒడ్డు ఒడ్డే, లోతు లోతే అని నోరారా చెప్పాను కదా, ఆ రెండూ కలిసిపోయే వేళ ఒకటుంటుందని నాకెందుకు తట్టలేదు? రోజూ చూసేదే కదా.

అప్పుడు నూకరాజు నడుంలోతు నీళ్ళలో నిలబడి ఒక మేకను భుజాన వేసుకుని అరిచాడు.

"పెరట్లో కట్టీండి! వాకిట్లో ఒద్దు, జారిపోతాయి!"

నలుగురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఎవరూ పెరడు ఎటని అడగలేదు. అందరూ ఒకే పక్కకు నడిచారు.

నేను చేతిలో మేకను వదిలేసి తాళ్ళగదికి పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో పరిగెత్తాను!

"హైమమ్మా! ప్రతి తెప్పకీ వాకిలుంది, పెరడుంది! అన్ని తెప్పలూ వాకిలి ఒకేపు పెట్టి కట్టుకున్నాం! ఊరు ఎటు తిరిగినా వాకిలి పెరడైపోదు!"

హైమ నా తడిచీర చూసింది, నా మొహం చూసింది. వెంటనే పెన్సిలు తీసింది. మొగదల, తోక, వాకిలి, పెరడు. పడవల మీంచి వచ్చిన మగవాళ్ళు ఒడ్డు, లోతు అనుకోనీ. ఇళ్ళు ఊడ్చే చేతులకు వేరే మాటలున్నాయి. నేను ఈ తొమ్మిది తెప్పలూ ఊడ్చినదాన్ని, తాళ్ళ కుర్చీ ఎక్కగానే ఆ మాటలు గుమ్మం బయట వదిలేశాను.

మేకలన్నీ దొరికాయి. సభవారికి ఆ విషయం కూడా తెలియాలి.

నమోదు ఐదు

సభ నుంచి కబురొచ్చింది. పెద్ద పోటు నాడు మంచినీళ్ళ ఓడ ఊరి మధ్యకు వస్తుంది. అప్పుడు ఒక పక్క తాళ్ళు దానయ్య కంటితో నడపాలి, ఇంకో పక్క తాళ్ళు నేను మీటలతో. ఎవరి పక్క ముందు పూర్తయితే వాళ్ళ పద్ధతే ఖాయం. నాకు తిండి సహించడం లేదు. భయం కాదు, తిరనాళ్ళకు వెళ్ళబోయే పిల్లకు తిండి సహించదే, అలాగ.

నమోదు ఆరు

నిన్న జరిగింది.

ఓడ వచ్చే దారి వాకిలి వరసకూ నడిమి వరసకూ మధ్యన ఉంది. ఆ దారికి అడ్డంగా మూడు తాళ్ళు, మొగదల ఒకటి, మధ్యన ఒకటి, తోకన ఒకటి. ప్రతి తాడుకూ రెండు కొసలు. వాకిలి వరసలో ఉన్న కొసలు నావి, నడిమి వరసలో ఉన్నవి దానయ్యవి. ఓడ దగ్గరికి రాగానే ఇద్దరం తాడు వదలాలి. తాడు నీళ్ళలోకి మునుగుతుంది, ఓడ మీంచి వెళ్తుంది, వెంటనే ఇద్దరం బిగించాలి. బిగించి తరవాతి తెప్పకు వెళ్ళాలి.

తాళ్ళగదిలో రెండు కుర్చీలు, రెండు అద్దాలు వేశారు. సభవారు గోడ పక్కన నిలబడ్డారు. గుమ్మం నిండా జనం, కిటికీ నిండా జనం. ఓడ ముందు కొన మీద నూకరాజు నిలబడి కేకలతో దారి చెప్తున్నాడు.

"వదులు! మొగదల తాడు వదులు!"

నేను వదిలాను. దానయ్య వదిలాడు. ఓడ దాటింది. నేను బిగించేసరికి దానయ్య అప్పుడే మధ్య తెప్ప మీదున్నాడు! కన్ను కదిపాడు, వెళ్ళిపోయాడు. నిజం చెప్తున్నాను సభవారూ, ఆ కంటి అద్దం వేగం వేగమే. నేను కాలు తొక్కి వేలు నొక్కేలోపు వాడు అక్కడుంటాడు.

"ఏటి వదినా, ఇంకా ఊడుస్తన్నావా వాకిలి?"

"నోరు మూసుకుని తాడు సూడు!"

మధ్య తాడు. వదిలాం. ఓడ దాటింది. మళ్ళీ వాడే ముందు బిగించాడు. గుమ్మంలో వాళ్ళు ఈలలేశారు. నా వేళ్ళు చెమటకు జారుతున్నాయి. చీరకు తుడుచుకున్నాను. తోక తాడుకు వచ్చాం. వదిలాం. ఓడ దాదాపు దాటింది. బిగించడానికి దానయ్య పిడి మీద చెయ్యి వేశాడు, నేనూ వేశాను. ఈ ఒక్కటీ ముందు బిగిస్తే వాడు గెలిచినట్టే. జనానికి ఆగలేదు.

"దానయ్యా! కొట్టీసినావు దానయ్యా!"

వాడు చూశాడు. ఎవరైనా చూస్తారు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పని మనిషెవడు? చూపు గుమ్మం వైపు వెళ్ళి, అక్కణ్ణుంచి తిరిగి అద్దం మీదికి వస్తూ దారిలో తన వరస మొదటి చుక్క మీద ఒక్క క్షణం ఆగింది. వాడి అద్దం మొగదల తెప్పకు గెంతింది. వాడికి తెలీదు. చెయ్యి మాత్రం చేతి పని చేసేసింది, పిడి తిప్పాడు. అద్దం మీద మొగదల తాడు అప్పటికే బిగిసి ఉంది కదా, బిగిసిన దాన్ని తిప్పితే అది వదులుతుంది.

నడిమి వరసలో మొగదల ఉన్నది బడితెప్ప. ఓడను చూడ్డానికి పిల్లలందరూ దాని వాకిట్లో వరసగా నిలబడి ఉన్నారు. తాడు వదులైన తెప్ప నెమ్మదిగా దారిలోకి తిరగడం మొదలెట్టింది. అటు నుంచి ఓడ వెనకే, బిగిసిన తాళ్ళ కిందుగా దూరిపోయే చిన్నది, రెండో పడవ ఒకటి వస్తోంది. పిల్లలు చేతులూపుతున్నారు.

కిటికీలోంచి నేను చూశాను. నా కళ్ళు రెండు దిక్కులూ చూస్తాయని చెప్పాను కదా. ఒకటి తోక తాడు మీదుంది, ఇంకోటి కిటికీ మీదుంది.

నా తోక తాడు బిగించడానికి ఒక్క తిప్పు చాలు. అది తిప్పితే నా పక్క పూర్తి, కుర్చీ నాది. మొగదలకు వెళ్తే పందెం పోయినట్టే. ఇదంతా ఇప్పుడు తీరిగ్గా చెప్తున్నాను గానీ అప్పుడు ఆలోచించలేదు. కాలు తొక్కాను, మొగదల మీట రెండుసార్లు. చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు, అక్కడేముందో నా వేలికి తెలుసు. ఆ తాడు రెండో కొస నాదే. రెండు చేతులతో పిడి పట్టుకుని తిప్పాను, వాడు వదిలినదంతా నా పక్క నుంచి లాగాను. బడితెప్ప ఆగింది, ఒకసారి కుదుపుకుంది, తిరిగి వరసలోకి జరిగింది. ఒక పిల్ల చెప్పు నీళ్ళలో పడింది. రెండో పడవ ఆ చెప్పును తొక్కుకుంటూ దాటింది.

అప్పటికి దానయ్యకు తెలిసింది. మొహం తెల్లబోయింది. కళ్ళు తోక చుక్క మీదికి తెచ్చి తన తాడు బిగించాడు. వాడి పక్క పూర్తయింది. నా తోక తాడు ఇంకా నీళ్ళలోనే ఉంది.

పందెం దానయ్య గెలిచాడు. సభవారు చూశారు, నేను కాదనడం లేదు.

అయితే నా వ్యాజ్యం వినండి. నన్ను గెలిపించమని నేను అడగడం లేదు. ఎవరు ముందన్నది మీరడిగారు. నేనింకోటి అడుగుతాను, దానయ్యను పిలిచి ఇదే సభలో అడగండి, పిడి తిప్పినప్పుడు నువ్వెక్కడున్నావు అని. అద్దం ఎక్కడుంది అని. నా కళ్ళు బాగోవు కాబట్టి నన్ను లేవమన్నారు. దానయ్యకు బంగారంలాంటి కళ్ళు. అవి కూడా పిలిస్తే తిరుగుతాయి. నేను చెప్పకుండా నా కింద నేల కదలకూడదు. అంతే నాకు కావలసింది, మీకు కావలసిందీ అదే.

నమోదు ఏడు

సభ జరిగింది. దానయ్యను పిలిచారు. అందరి ముందూ నేనే అడిగాను.

"మరిదీ, పిడి తిప్పినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"తోకన."

"అద్దం?"

వాడు సభవారి వైపు తిరిగి అన్నాడు.

"నానెక్కడున్నానో అద్దానికి తెల్దు. అద్దం ఎక్కడుందో నాకు తెల్దు. వదిన మాటే రాయండి. నాను గెల్సినానని కూడా రాయండి, అది ఒగ్గీకండి."

సభ అంతా పగలబడి నవ్వింది. హైమ లేచి, కన్ను ఉంచుదాం, బల్లల్ని దూరం నుంచి తొంగి చూడ్డానికి పనికొస్తుంది, బల్ల మారడానికీ తాడు తాకడానికీ మాత్రం కాలూ వేలూ ఉండాలి అంది. అందరూ ఒప్పుకున్నారు. తాళ్ళ కుర్చీ ఎక్కే ప్రతివాడూ మీటలు నేర్చుకోవాలట. నేర్పేది నేను.

మొదటి శిష్యుడు ఈ పొద్దున వచ్చాడు. గుమ్మంలో నిలబడి దగ్గాడు. నేను కుర్చీ ఖాళీ చేసి, నా చీరకొంగుతో కాదు, వంటింటి గుడ్డతో వాడి కళ్ళు బిగించి కట్టాను. మసాలా వాసన వేస్తోందని గోల చేశాడు.

"తొక్కు. తోక వైపు ఒకటి. ఇప్పుడు పెరడు. వేలు అలగ పొడవకు, అదేమైనా సేపేటి?"

"మెల్లగా వదినా."

"తొక్కి పట్టుకో! కాలు తీసీసినావు. మళ్ళీ."

పక్క కుర్చీలో నూకరాజు నోరు మూసుకుని నవ్వుతున్నాడు. దానయ్య మళ్ళీ మొదలెట్టాడు. మొగదల ఒకటి. వాకిలి ఒకటి. అంచుకు తగిలితే, "ఓలమ్మో, ఇది నన్ను నెట్టీస్తంది!" అన్నాడు. వాడే వెనక్కి తగ్గి పెరడు మీట నొక్కాడు, ఇంకోటి నొక్కాడు, ఆగాడు.

"ఇప్పుడెక్కడున్నాను వదినా?"

"నన్నడగతావేటి? ఎల్లింది నువ్వు."

వేళ్ళు గాల్లో మడుస్తూ లెక్క చూసుకున్నాడు. పెదాలు కదిలాయి. గుడ్డ కింద కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"మేకలతెప్ప," అన్నాడు నెమ్మదిగా. తరవాత గట్టిగా, "మేకలతెప్పే! పెరటి వరస, మొగదల నుంచి రెండోది!"

అద్దం చూశాను. మేకలతెప్పే.

గుడ్డ విప్పుకుని వాడు కూడా చూశాడు. మొహమంతా నవ్వు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ పలక దగ్గరికి జరుపుకున్నాడు. బయట నీళ్ళు దిగడం మొదలైంది, తెప్ప కింద తాళ్ళు కిర్రుమంటున్నాయి. నేను వాడి భుజం తట్టాను.

"సాలు. తాడు బిగించాల. లెగు మరిదీ, అది నా కుర్సీ."

వాడు లేచాడు. నేను కూర్చున్నాను.